మామయ్యని రేంజ్‌కి తీసుకెళ్ళిన శనివారం

ముప్పై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మామగారిని, టెక్సాస్ ఎండలో, పదిమంది చూస్తుండగా నేల మీద బోర్లా పడుకోబెట్టిన అల్లుడెవరైనా ఉన్నాడా అంటే, అది నేనే. నవ్వండి, పరవాలేదు. మా ఆవిడ సుజాత మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. డాలస్ పక్కన మా కాపెల్‌లో మనవాళ్ళు వీకెండ్ వస్తే క్రికెట్ ఆడతారు, లేకపోతే కొత్త ఇళ్ళు చూసొస్తారు. నాది వేరే లైను. పాత మిలిటరీ రైఫిళ్ళు. ఎప్పుడో యుద్ధాల కోసం చేసి, వాడి, పక్కన పడేసినవి. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది మా ఆఫీసులో ఒక పెద్దాయన నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి ఒక పాత రష్యన్ రైఫిల్ చేతిలో పెట్టాడు. ఒక్క దెబ్బకి భుజం వారం రోజులు వాచింది. వాపు తగ్గింది గానీ పిచ్చి తగ్గలేదు. 2011 వచ్చేసరికి నా గరాజ్‌లో కార్ పట్టే చోటు లేదు.

ఆ ఏడాది మార్చి మొదట్లో ఒక గన్ షోలో నాకు త్రీనాట్‌త్రీ కనపడింది. మనందరికీ తెలిసిందే! చిన్నప్పుడు బ్యాంకు ముందు స్టూలేసుకుని కూర్చున్న కానిస్టేబుల్ భుజాన ఉండేది చూడండి, అదే. ఇనుము మీద ఇండియాలో తయారైనట్టు ముద్ర కూడా ఉంది. కొనకుండా ఎలా వస్తా?

ఇంటికి తెచ్చి విప్పితే, బారెల్ నుంచి కర్ర దాకా నల్లటి గ్రీజు. దానికొక చిట్కా ఉంది. కర్ర భాగాన్ని విడదీసి, చెత్త వేసే నల్ల సంచిలో చుట్టి, ఎండలో పెట్టిన కార్ డ్యాష్‌బోర్డ్ మీద ఉంచితే లోపలి గ్రీజంతా చెమటలా కారిపోతుంది. కారిపోయింది కూడా. కాకపోతే అది సుజాత కార్. "పాపని స్కూల్‌కి దింపుతుంటే మెకానిక్ షెడ్‌లో కాపురం చేస్తున్నట్టుంది నాకు" అంది.

గ్రీజు పోయాక చూస్తే, భుజానికి ఆనించే చోట కర్ర మీద తెల్ల పెయింట్‌తో ఏవో అంకెలు. సగం పెయింట్ పెచ్చులూడి అసహ్యంగా ఉన్నాయి. శాండ్‌పేపర్ తీసుకున్నా. గంటన్నర రుద్దా. అంకెలు పోయాయి, గీతలు పోయాయి, గుంటలు పోయాయి. ఆ తరవాత రోజుకో పూత చొప్పున ఇరవై రోజులు అవిసె నూనె పట్టించా. మా డైనింగ్ టేబుల్ కంటే ఎక్కువ మెరిసింది! ఫోటోలు తీసి, ఇలాంటి రైఫిళ్ళ పిచ్చోళ్ళందరూ ఉండే ఒక వెబ్‌సైట్‌లో పెట్టా. ఒక ముసలాయన కింద రాశాడు: "అభినందనలు. డెబ్భై ఏళ్ళ చరిత్రని కుర్చీ కోడు చేశారు." కుళ్ళు, అనుకున్నా.

ఏప్రిల్‌లో మామయ్యా అత్తయ్యా ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. మామయ్య ఒంగోలులో ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్ కానిస్టేబుల్‌గా చేశారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. పొద్దున్నే లేచి కాలనీ చుట్టూ నడిచొచ్చి, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటారు. మాటలు తక్కువ. సర్వీసంతా ఆయన భుజాన ఉన్నది ఈ త్రీనాట్‌త్రీయే. ఇంక నా ఆత్రం ఎలా ఉంటుందో ఊహించుకోండి! జెట్ లాగ్ తీరక ముందే గరాజ్‌లోకి లాక్కెళ్ళా.

"కళ్ళు మూసుకోండి మామయ్యా!"

మూసుకున్నారు పాపం. చేతుల్లో రైఫిల్ పెట్టా. కళ్ళు తెరవక ముందే ఆయన చేతులు గుర్తుపట్టేశాయి. గొట్టం గోడ వైపు తిరిగింది, బోల్ట్ వెనక్కి వెళ్ళింది, చిటికెన వేలు లోపలికి వెళ్ళి తూటా లేదని చూసుకుంది. అప్పుడు కళ్ళు తెరిచారు. నా పాలిష్ వంక చూడనే లేదు. రైఫిల్ తిప్పి, వెనక కర్ర మీద బొటనవేలితో తడిమారు.

"నంబర్ ఏది బాబూ?"

"ఇదిగో మామయ్యా, ఇనుము మీద ఉందిగా."

"అది బాడీ నంబర్. అది రిజిస్టర్లో ఉంటది, మాకు తెలీదు. కర్ర మీద రాస్తారే, బట్ నంబర్. మేం దాంతోనే తీసుకుంటాం, దాంతోనే అప్పజెప్తాం."

"ఓ, ఆ తెల్ల పెయింటా! చెత్తగా ఉందని శాండ్ చేసేశా. చూడండి ఎంత నున్నగా వచ్చిందో!"

"ఏం నంబర్ ఉండేది?"

"చూడలేదు మామయ్యా."

"నంబర్ చెరిపినోణ్ణి మేం లోపలేసేవాళ్ళం బాబూ" అన్నారు. నేను పగలబడి నవ్వా. ఆయన నవ్వలేదు. రైఫిల్ నా చేతికిచ్చేసి, చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. పాత రోజులు గుర్తొచ్చి మనిషి కదిలిపోయాడు, అనుకున్నా. కదిలిన మాట నిజమే. ఎందుకు కదిలారో అడగాలని తోచలేదు నాకు.

ఆ వారమంతా ఆఫీసులో నా ప్రచారం చూడాలి! కిషోర్‌ది విజయవాడ, వంశీది వరంగల్. ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంది, నా దయవల్ల రేంజ్ కూడా అలవాటైంది. "శనివారం రండి. మన షూటింగ్ అంతా వేస్టు. ముప్పై రెండేళ్ళ సర్వీసు! అసలు గురి ఎలా ఉంటుందో మా మామయ్య చూపిస్తారు" అని ఇద్దరినీ పిలిచా. వాళ్ళు ఇంకో ఇద్దరిని పిలిచారు.

మామయ్య మూడుసార్లు వద్దన్నారు. ఎండ అన్నారు. నడుం నొప్పి అన్నారు. అత్తయ్యని గుడికి తీసుకెళ్ళాలన్నారు. "నాన్న వద్దంటున్నారు కదా, ఎందుకా పట్టు?" అంది సుజాత. "మొహమాటం సుజీ, నీకు తెలీదు" అన్నా. పాతికేళ్ళు ఆయనింట్లో పెరిగిన మనిషికి నేను చెప్తున్నా, నీకు తెలీదని!

శనివారం పది గంటలకి రేంజ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాం. అక్కడున్నావిడ మామయ్య పాస్‌పోర్ట్ తిరగేసి, "ఈయన విజిటర్ వీసా మీద వచ్చారా? హంటింగ్ లైసెన్స్ ఉందా?" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది, వీసా మీద వచ్చినవాళ్ళు ఈ దేశంలో తుపాకీ ముట్టుకోకూడదట. వేటకి లైసెన్స్ ఉంటే మాత్రం ముట్టుకోవచ్చట. ఇన్ని రైఫిళ్ళు కొన్నాను, ఈ ఒక్క ముక్క చదవలేదు.

ఇండియా నుంచి వచ్చాక మామయ్య మొహం అంత వెలగడం నేను చూడలేదు. "చట్టం బాబూ. చట్టం ఒప్పుకోదు. పద పోదాం" అని అప్పటికే తలుపు వైపు నడుస్తున్నారు.

అక్కడ ఆగినా బాగుండేది. ఆగితే నేనెందుకవుతా? "అరగంట ఆగండ్రా" అని ఫ్రెండ్స్‌కి చెప్పి, మామయ్యని కార్‌లో వేసుకుని, పది మైళ్ళ దూరంలో ఆటసామాన్ల షాప్‌కి తీసుకెళ్ళా. లైసెన్స్ అక్కడే ఇస్తారు. కౌంటర్ మీద కుర్రాడు చాలా మర్యాదగా, "సార్ దేన్ని వేటాడతారు? జింకలా, పక్షులా?" అని అడిగాడు.

నేను తెలుగులో చెప్పా. మామయ్య రిటైరయ్యాక గుడ్డు కూడా మానేసిన మనిషి. "నేను దేన్నీ ఏం చెయ్యను" అన్నారు.

"ఊరికే కాగితం కోసం మామయ్యా."

"ముప్పై రెండేళ్ళు మనుషుల మధ్య నా చేత తిప్పించారు దాన్ని, ఎవడూ లైసెన్స్ అడగలా. ఇప్పుడు జింకల పేరు చెప్పి ఇస్తారా?" అంటూనే సంతకం పెట్టారు. అల్లుడు కదా, కాదనలేకపోయారు. దాన్ని కూడా నేను ఉత్సాహం కిందే జమేసుకున్నా.

తిరిగొచ్చాం. మావాళ్ళు అప్పటికే కాలుస్తున్నారు. మామయ్య చెవులకి కప్పులు పెట్టుకుని, రూల్ ప్రకారం కాల్చేవాళ్ళ గీత వెనకే నిలబడ్డారు. పేలిన తూటాల ఖాళీ కేసులు ఎగిరి కాళ్ళ దగ్గర పడుతుంటే ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకుంటున్నారు. "ఇన్ని కేసులు కింద పడేస్తున్నారే, లెక్క అప్పజెప్పి ఎవరు సంతకం పెడతారు?" అని అడిగారు నన్ను. ఎవరూ పెట్టక్కర్లేదంటే నమ్మలేదు.

ఆయన వంతు వచ్చింది. నేల మీద పట్టా పరిచా. ఆయన రైఫిల్ తీసుకున్నారు. ఒక్క కదలిక వృథా లేదు. పడుకోవడం, కాళ్ళు ఎడం చెయ్యడం, మోచేతులు ఆనించడం, తూటా ఎక్కించడం, అన్నీ తాడు పట్టి లాగినట్టు వరసగా జరిగిపోయాయి. మావాళ్ళందరూ కాల్చడం మానేసి చుట్టూ చేరారు. పక్క లైన్లో ఇద్దరు తెల్లవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. నేను ఫోన్ తీసి వీడియో మొదలెట్టా.

కాల్చలేదు.

నిమిషం అయింది. వంశీ నా చెవి కప్పు లాగి, "గాలి ఎటు వీస్తుందో చూస్తున్నరన్నా. ప్రొఫెషనల్" అని గుసగుసలాడాడు. రెండు నిమిషాలైంది. చొక్కా వీపు మీద తడి పాకుతోంది. భుజం సన్నగా వణుకుతోంది. అది నాకు కనపడింది. కనపడి కూడా నేనేం చేశానో తెలుసా? అందరికీ వినపడేలా అరిచా.

"కొట్టండి మామయ్యా!"

ఆ మాటకి ఆయన ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశారు. బోల్ట్ తెరిచి, తూటాని కింద పడకుండా అరచేతిలో పట్టుకున్నారు. రైఫిల్‌ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పట్టా మీద పెట్టారు. నేను ఫోన్ జేబులో పడేసి లేవదీశా.

"కాసిని నీళ్ళు" అన్నారు.

వెనకాల చెట్టు కింద చెక్క బల్ల ఒకటుంది. అక్కడ కూర్చోబెట్టా. సగం బాటిల్ తాగి, జేబులోంచి ఖాళీ కేసులు తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ తరవాత చెప్పారు. ఇది మీకు చెప్పొచ్చని తరవాత ఆయనే అన్నారు, సుజాతకి కూడా ఆయనే చెప్పుకున్నారు. అందుకే చెప్తున్నా.

"సర్వీసులో చేరిన ఏడో ఏడు బాబూ. ఒక ఊళ్ళో పెద్ద గొడవైంది. లాఠీలతో ఆగలా. కాల్చమని ఆర్డర్ వచ్చింది. నలుగురం ముందున్నాం. కాళ్ళకి కొట్టమన్నారు. నేనూ ఒకడి కాళ్ళకే చూశా. చక్కగా చూశా. నాకు మంచి గురి ఉండేది అప్పట్లో. నేను నొక్కే టైముకి వాడు వంగాడు."

"రాయి కోసమా?" అన్నా నేను.

"కాదు. చెప్పు ఊడింది. తీసుకుందామని వంగాడు."

ఆయన ఒక కేసుని వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పుకుపోయారు.

"మూడో రోజు పోయాడు. ఇరవై రెండేళ్ళవాడంట. ఎంక్వైరీలో నా తప్పేం లేదన్నారు. కాగితం కూడా ఇచ్చారు. ఆ తరవాత ఏడాదికోసారి ప్రాక్టీస్ పెడతారే, అందులో కళ్ళు మూసుకుని మట్టిగోడకి కొట్టొచ్చేవాణ్ణి. మార్కులు రాకపోతే ఇంక్రిమెంట్ ఆపుతామనేవాళ్ళు. ఆపుకోనీ అనుకున్నా. మీ అత్తయ్యకి తెలుసు. పిల్లలకి చెప్పలా."

గీత దగ్గర మావాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. ఒక్కో చప్పుడికీ ఆయన కనురెప్ప కొట్టుకుంటోంది. చెవి కప్పులు మళ్ళీ పెట్టాలని కూడా నాకు తోచలేదు.

"ఆ రైఫిల్ నంబర్ నాలుగు వందల పదిహేడు" అన్నారు. "గొడవయ్యాక మార్చేశారు. కొన్నాళ్ళకి పాతవన్నీ తీసేశారన్నారు. ఎక్కడికి పోయాయో తెలీదు. నువ్వు గరాజ్‌లో చేతిలో పెట్టగానే ముందు నంబర్ చూద్దామనిపించింది. అది కాదు అని తెలిస్తే చాలు కదా. లక్షల్లో చేశారు వాటిని, అదే వచ్చి ఇక్కడ పడటం జరగదు. తెలుసు. తెలిసినా, కాదు అని కంటితో చూస్తే ఒక నెమ్మది."

ఆ కన్ను చూసే చోటుని నేను గంటన్నర కూర్చుని శాండ్‌పేపర్‌తో రుద్దా. ఎవరూ అడక్కుండా, ఉత్సాహంగా, పాటలు వింటూ.

గుర్తు తెచ్చుకోవడానికి చచ్చేంత ప్రయత్నం చేశా. తెల్ల పెయింట్ గుర్తుంది, పెచ్చులు గుర్తున్నాయి, అంకెలు మాత్రం గుర్తు రావు. ఆయన నా మొహం చూస్తున్నారు. ఏం చెయ్యను? నోటికొచ్చింది అనేశా.

"కాదు మామయ్యా, నాలుగు వందల పదిహేడు కానే కాదు. రెండు వందల తొమ్మిది. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. రెండు, సున్నా, తొమ్మిది."

"అట్నా" అన్నారు. నీళ్ళ బాటిల్ మూత జాగ్రత్తగా బిగించారు.

ఇంతలో కిషోర్, వంశీ మా వైపు వస్తున్నారు. వెనకాల మిగతా ఇద్దరు. వంశీ చేతిలో నా త్రీనాట్‌త్రీ. నేను ఎదురెళ్ళి బల్లకి నాలుగడుగుల దూరంలోనే ఆపా.

"ఏమైందిరా? అంకుల్ ఎందుకు కాల్చలేదు?" అన్నాడు కిషోర్.

"మామయ్య తప్పేం లేదురా. రైఫిల్ పేల్లేదు. తప్పు నాదే. విప్పి బిగించేటప్పుడు లోపల తూటాని కొట్టే పిన్ను సరిగ్గా పెట్టలేదు. అందుకే ట్రిగ్గర్ నొక్కినా పేలట్లేదు" అన్నా. మామయ్య పరువు దక్కింది, పోతే నా రెస్టొరేషన్ పరువు పోతుంది, పోనీ అనుకున్నా. గొప్ప త్యాగం చేసిన ఫీలింగ్ కూడా వచ్చింది.

"ఇరవై రోజులు పాలిష్ పెట్టినవ్, పేలకుండ చేసినవా!" అని వంశీ నవ్వాడు. "ఆగు అన్నా, నేను చూస్తా" అని గీత దగ్గరికి వెనక్కి నడిచాడు.

"వద్దురా, డేంజర్!" అని నేను పరిగెత్తా. వాడు మెకానికల్ ఇంజనీర్. రేంజ్ ఆఫీసర్‌ని పిలిచి చూపించాడు. ఆయన బోల్ట్ తీసి, పిన్ను చూసి, బారెల్‌లో వెలుతురు వేసి చూసి, "పర్‌ఫెక్ట్‌గా ఉంది" అన్నాడు. వంశీ కాల్చే బల్ల ముందు కూర్చుని తూటా పెట్టాడు.

ఢామ్! 

ఇంకోటి. ఇంకోటి. అయిదుకి అయిదూ పేలాయి. దూరదర్శినిలో చూస్తే అయిదూ టార్గెట్ మధ్య నల్ల గుండ్రంలోనే. త్రీనాట్‌త్రీని అంత బాగా సెట్ చేసినందుకు ఇంకోరోజైతే నేను ఎగిరి గంతేసేవాణ్ణి.

"మస్తు పేలుతుంది కదన్నా!" అన్నాడు వంశీ, పాపం, నిజంగానే సంతోషంగా. అప్పుడు వాడికి నా మొహం కనపడింది. కిషోర్ ఒకసారి నన్ను, ఒకసారి చెట్టు కింద బల్లని చూశాడు. నేను నేల చూపులు చూస్తున్నా.

మామయ్య లేచి వచ్చారు. చొక్కా సర్దుకుని, నిటారుగా, పరేడ్‌కి వచ్చినట్టే. గుప్పిట్లో ఖాళీ కేసుల్ని బల్ల మీద ఒక వరసలో పెట్టారు.

"తుపాకీకి ఏం కాలేదు బాబూ. మా అల్లుడు బాగా చేశాడు. నా వల్లే కాలేదు. ఎప్పుడో పోయింది అది నాలోంచి" అన్నారు.

కిషోర్ టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో వాడికే తెలీదు. వంశీ రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, కుర్చీ జరిపి, "కూసోండి అంకుల్" అన్నాడు.

ఆయన కూర్చోలేదు. నా వైపు తిరిగారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండు అనిపించింది.

"గరాజ్‌లో అడిగితే నంబర్ చూడలేదన్నాడు" అని మావాళ్ళతో చెప్పడం మొదలెట్టారు. "ఇందాక అడక్కుండానే రెండు వందల తొమ్మిదన్నాడు. ఇప్పుడేమో పిన్ను పోయిందన్నాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో దొంగలు చెప్పిన అబద్ధాలు విన్నా, సాక్షులు చెప్పినవి విన్నా, మా ఆఫీసర్లు చెప్పినవీ విన్నా. అర్ధగంటలో రెండు చెప్పి, రెండూ పది నిమిషాలు కూడా నిలబెట్టుకోలేనోణ్ణి మాత్రం చూళ్ళేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నా భుజం మీద చెయ్యేసి ఒక్కసారి గట్టిగా నొక్కారు.

"పెళ్ళైన కాణ్ణించీ ఒక దిగులుండేది నాకు, ఇంత దూరంలో మా సుజాతని ఏం మోసం చేస్తాడో అని. ఇవాళ తీరిపోయింది. ఇతని వల్ల కాదు."